నల్లేరు పచ్చడి వేరు, విరిగిన చేతికి కట్టు వేరు

సంపాదకులకు,

నల్లేరు తింటే విరిగిన ఎముక వారంలో అతుక్కుంటుందన్న మాట ఫోన్లలో తెగ తిరుగుతోంది. దానికి 'సైన్సు కూడా తేల్చేసింది' అని ఒక తోక.

నల్లేరు మీద పరిశోధన కొత్తదేమీ కాదు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఉడుప, ప్రసాద్ 1960లలోనే ఎలుకల మీద పరీక్షించి, విరిగిన ఎముక త్వరగా మానడం గమనించారు. తర్వాతి ప్రయోగాలు చాలావరకు గాజు పళ్లేల్లోవి. ఎండిన కాడ పొడిని ఇథనాల్‌లో నానబెట్టి, వడకట్టి, ఇథనాల్ ఆవిరైపోయాక మిగిలిన జిగురును, అంటే సారాన్ని, ఆ పళ్లేల్లో ఎముక కణాలు పెంచే చిన్న గుంటల్లో మిల్లీలీటరుకు ఇన్ని మైక్రోగ్రాములని వేస్తారు. ఎముక కట్టే కణాలు చేసే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము పెరిగితే మంచి సూచనే. మోతాదు మించితే అవే కణాలు చస్తాయి.

ఇందులో ఒక మెలిక ఉంది. ఎన్ని కణాలు బతికాయో చూసే ఎంటీటీ పరీక్షలో బతికున్న కణం పసుపు రంగును ఊదాగా మారుస్తుంది. నల్లేరులో ఉన్న విటమిన్ సి, కణమే లేకున్నా ఆ పని చేసేయగలదు. అందుకే కణాల్లేని గుంటలో ఉత్త సారం వేసి, అక్కడొచ్చిన రంగును లెక్కలోంచి తీసేయాలి. అలా తీయని ఫలితాన్ని మేం నమ్మం.

పళ్లెంలో సారం నేరుగా కణాన్ని తాకుతుంది. చర్మం మీద పూసిన నల్లేరు ముద్ద ఎముక దాకా చేరుతుందన్న భరోసా లేదు. పైగా ముద్ద పూసి, వెదురు బద్దలు పెట్టి బిగించి కడితే అసలు ప్రమాదం ఆ బిగింపుతోనే. విరిగిన చోట మొదటి రెండు మూడు రోజులు వాపు పెరుగుతుంది, కట్టు మాత్రం సాగదు. రక్తం ఆగితే సుమారు ఆరు గంటల్లో కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. వేళ్లు కదిపితే ప్రాణం పోయేంత నొప్పి, తిమ్మిరి, చల్లబడటం కనిపించినా, గోరు నొక్కి వదిలాక రెండు సెకన్లలో ఎరుపు తిరిగి రాకపోయినా కట్టు విప్పి ఆస్పత్రికి పరిగెత్తాలి. ఎముక చర్మం చీల్చుకొని బయటికొస్తే ఏ ఆకు ముద్దా పెట్టకూడదు. శుభ్రమైన గుడ్డ కప్పి తీసుకెళ్లాలి.

పెద్దవాళ్లకు మణికట్టు ఎముక అతకడానికి దాదాపు ఆరు వారాలు, మోకాలి కింది పెద్ద ఎముకకు మూడు నాలుగు నెలలు పడుతుంది. బీడీ, సిగరెట్టు మానకపోతే ఇంకా ఆలస్యం.

పచ్చడి మానమనడం లేదు. లేత కాడలే కోయాలి, చేతులకు నూనె రాసుకుని నార తీయాలి, బాగా వేయించి చింతపండు వేయాలి. లేకుంటే అందులోని కాల్షియం ఆక్సలేట్ సూదులకు నాలుక, గొంతు దురదెత్తుతాయి. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు ఆ పచ్చడి జోలికి పోకపోవడమే మేలు.

— ఎముకల వైద్యులు, ఫార్మసీ అధ్యాపకులు, కర్నూలు