రాయి తగిలిన చోటు బాగుచేస్తే చాలు, బానెట్ మొత్తం గీకనక్కర్లేదు

సంపాదకులు గారికి నమస్కారం.

కారు పెయింట్ దెబ్బతింటే ఇంట్లోనే చేసుకునే చిట్కాలంటూ మీ వాహనాల పేజీలో వచ్చినవి చదివాను. రాయి తగిలి పెచ్చు లేచిన చోట నెయిల్ పాలిష్ పూస్తే సరిపోతుందని, గీతల మీద టూత్‌పేస్ట్ రుద్దితే పోతాయని రాశారు. కార్లకు పెయింట్ వేయడమే నా పని. అలాంటి చిట్కాలు పాటించిన బండ్లు కొన్నాళ్లకు మా షెడ్డుకే వస్తాయి. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఆ పెయింట్ ఎంత పల్చగా ఉంటుందో చెప్పాలి. ఫ్యాక్టరీలో రేకు బాడీని శుభ్రం చేసి, ఫాస్ఫేట్ పొర పట్టించి, పెయింట్ తొట్టిలో ముంచి, కరెంటు పంపి ఒక పూత పట్టిస్తారు. తుప్పును అడ్డుకునేది ముఖ్యంగా ఆ పూతే. దాని మీద రంగు బాగా పట్టడానికి వేసే ప్రైమర్, ఆ పైన రంగు, అన్నిటి మీదా మెరుపునిచ్చే క్లియర్ కోట్. ఇవన్నీ కలిపినా చాలా కార్లలో 100 నుంచి 150 మైక్రాన్లే, అంటే మిల్లీమీటరులో పదో వంతు, లేదా అంతకు కాస్త ఎక్కువ. ఇంత పల్చనిదైనా గట్టిగా నిలుస్తుందంటే కారణం, అడుగు పూతను 160 నుంచి 180 డిగ్రీల వేడిలో కాలుస్తారు. మేం పెయింట్ కొట్టే మూసిన గది, అంటే బూత్, ఎంత మంచిదైనా 60 డిగ్రీల దగ్గరే ఆరబెడతాం. వైర్లు, రబ్బరు, ప్లాస్టిక్ అన్నీ బిగించి ఉన్న బండిని అంతకు మించి వేడి చేయలేం కదా. కాబట్టి కంపెనీ పెయింట్ ఎంత మిగిలితే అంత మేలు. పెయింట్ వేసి బతికేవాణ్ణే అయినా ఈ మాట మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

రాళ్లు ఎక్కువగా తగిలేది బానెట్ ముందు అంచుకు, అద్దం పైన టాప్ అంచుకు, చక్రాల చుట్టూ. లారీ వెనకే దగ్గరగా, వేగంగా వెళ్తే ఇక చెప్పక్కర్లేదు. వేగం రెట్టింపైతే రాయి దెబ్బలోని శక్తి నాలుగు రెట్లవుతుంది. తగిలిన గుంతను టార్చి వేసి దగ్గరగా చూడండి. అడుగున ప్రైమర్ కనిపిస్తే కాస్త తీరిక ఉంది. మెరిసే ఇనుము కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. గోధుమరంగు చుక్క ఉంటే తుప్పు మొదలైనట్టే. అది పెయింట్ కిందికి పక్కలకు పాకుతుంది, తర్వాత పొక్కులా లేస్తుంది. జింక్ పూసిన రేకైతే కొంతకాలం ఆగుతుంది. అల్యూమినియం బానెట్‌కు ఎర్ర తుప్పు రాదు గానీ తెల్లటి పొడి చేరి పెయింట్‌ను లేపేస్తుంది. ప్లాస్టిక్ బంపర్‌కు తుప్పు భయం లేదు కాబట్టి దాని విషయంలో టెన్షన్ పడాల్సిన పని లేదు.

నెయిల్ పాలిష్‌తో ఇబ్బంది ఏమిటంటే, చాలామంది తుప్పు తీయకుండానే దాని మీద పూసేస్తారు. పైన రంగు కనిపిస్తుంటే లోపల తేమ చిక్కుకుని తుప్పు తన పని చేసుకుపోతుంది. అది ఎండకు, వానకు తయారుచేసిన రంగు కాదు, పగుళ్లిచ్చి అంచులు లేస్తుంది. చివరికి దాన్ని గోకి తీసి మళ్లీ మొదటి నుంచీ చేయాలి. టూత్‌పేస్ట్ ఒక మెత్తని రాపిడి పదార్థం, అంతే. వెంట్రుకంత గీతలను కాస్త మసకబారుస్తుంది గానీ ఊడిన పెయింట్‌ను తెచ్చి పెట్టలేదు. గీత మీద నీళ్లు చల్లి చూడండి. తడిలో గీత మాయమైతే దెబ్బ క్లియర్ కోట్ దాకానే, పాలిష్ సరిపోవచ్చు. గోరు తట్టుకుంటే మాత్రం లోతుగా దిగినట్టు.

చిన్న గుంతలను ఓపిక ఉన్న ఎవరైనా సొంతంగా బాగుచేసుకోవచ్చు. కారు కడిగి, ఆరనిచ్చి, ఆ చోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. పాత వ్యాక్స్ ఏ కాస్త ఉన్నా రంగు పట్టదు. అంచుల్లో వదులైన పెచ్చులుంటే చెక్క పుల్లతో తీసేయండి. తుప్పు ఉంటే పెన్సిల్ వెనక చిన్న వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) ముక్క అంటించి, గుంత లోపలే తిప్పుతూ ఇనుము మెరిసేదాకా గీకాలి. చుట్టూ ఉన్న మంచి పెయింట్‌కు తగలకూడదు. సన్నని గుంటల్లో ఇంకా తుప్పు మిగిలితే దాన్ని గట్టి పొరగా మార్చే రస్ట్ కన్వర్టర్ చుక్క వేసి ఆరనివ్వండి. తర్వాత ప్రైమర్, ఆరాక రంగు. టచప్ రంగు సీసా మూతకు వచ్చే బ్రష్ ఈ పనికి మరీ లావు. టూత్‌పిక్ మొనతో చుక్క పెడితే రంగు తనంతట తానే గుంతలో సర్దుకుంటుంది. ఒకేసారి నింపేయకుండా పల్చగా పెట్టి, ఆరాక మళ్లీ పెట్టండి. ఆరేకొద్దీ రంగు కుంగుతుంది. చివర క్లియర్ చుక్క. రేకు ఎండకు కాలుతున్నప్పుడు, ముసురు పట్టినప్పుడు ఈ పని పెట్టుకోవద్దు.

తర్వాత 2000 నంబర్ వాటర్ పేపర్‌తో సమం చేసి కాంపౌండ్ (మెరుగుపెట్టే పేస్ట్) కొట్టమని అందరూ చెబుతారు. నా మాట వింటే చేయి తిరగనివాళ్లు అక్కడే ఆగిపోవచ్చు. క్లియర్ కోట్ 40, 50 మైక్రాన్లకు మించి ఉండదు. సూర్యుడి అతినీల కిరణాలను ఆపేది ఆ పొరే. దాన్ని అరగదీస్తే కొన్నేళ్లకు పొలుసుల్లా లేస్తుంది. కాస్త ఉబ్బెత్తుగా ఉన్న చుక్క కంటికి కొంచెం తెలిస్తే తెలియనివ్వండి. ఇనుముకు రక్షణ దొరికింది, అది ముఖ్యం.

రంగు కొనేటప్పుడు కంటి అంచనాతో కొనకండి. కలర్ కోడ్ చాలా బండ్లలో డ్రైవర్ డోర్ తెరిస్తే పక్క స్తంభం మీది స్టిక్కర్‌పైనో, బానెట్ కింద ప్లేట్‌పైనో ఉంటుంది. ఒకే కోడ్‌లోనూ తేడా షేడ్లు ఉంటాయి, పాత బండి ఎండకు కొంత వెలిసి ఉంటుంది. మెటాలిక్ రంగుల్లో అల్యూమినియం రేణువులు ఉంటాయి. స్ప్రే గన్‌తో కొడితే ఒకలా, పుల్లతో పెడితే మరోలా పడుకుంటాయి, అందుకే సిల్వర్ కారు మీద చుక్క కాస్త వేరుగా కనబడుతుంది. ఇది పనితనం లోపం కాదని కస్టమర్లకు చెప్పీ చెప్పీ అలసిపోతుంటాం.

చుక్కలు దగ్గరదగ్గరగా బోలెడు ఉన్నా, పొక్కులు లేచినా, క్లియర్ ఊడుతున్నా బానెట్ మొత్తం వేయించక తప్పదు. రెండు మూడు చుక్కలకే బానెట్ మొత్తం గీకి వేస్తామనే షెడ్డులో మాత్రం ఎందుకని గట్టిగా అడగండి. కొత్త కార్లలో బంపర్ వెనక రాడార్ ఉండొచ్చు. దాని ముందు పుట్టీ, పెయింట్ పొరలు మందంగా పెరిగితే సిగ్నల్ చెడుతుంది. అలాంటి బంపర్‌కు కంపెనీ ఎంత మందం వరకు ఒప్పుకుంటుందో కనుక్కున్నాకే పని ఒప్పుకోవాలి.

మీ పేజీలో అసలు కనిపించని మాట ఒకటుంది. గట్టిపడే హార్డెనర్ కలిసిన టూ-కే స్ప్రే డబ్బాలు ఇప్పుడు ఎవరైనా కొనుక్కోగలుగుతున్నారు. వాటిలో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. అవి ఊపిరితిత్తులకు పడకుండా పోతే, ఆ తర్వాత ఏ కాస్త పీల్చినా ఉబ్బసం తిరగబెడుతుంది. మామూలు దుమ్ము మాస్క్ వాటిని ఆపదు. మేం పైపు ద్వారా బయటి గాలి అందే మాస్క్ వేసుకుని కొడతాం. నాతోపాటు పని నేర్చుకున్న మనిషి ఒకాయన ఈ జబ్బు వల్లే గన్ వదిలేశాడు. ఎంతో మంచి చేయి ఆయనది. ఇప్పుడు బూత్ గుమ్మం దాటి లోపలికి రాలేడు. ఇల్లు, గ్యారేజీ లోపల పిల్లలు తిరుగుతుండగా ఈ డబ్బాలు కొట్టేవాళ్లను తలుచుకుంటే నాకు భయమేస్తుంది. పుల్లతో పెట్టే మామూలు టచప్ సీసాలో సాధారణంగా ఈ హార్డెనర్ ఉండదు. ఇంట్లో చేసుకునేవాళ్లు అది వాడితే చాలు.

సెరామిక్ కోటింగ్ వేయిస్తే రాళ్లు తగిలినా ఏం కాదని కొందరు నమ్మి వేయిస్తున్నారు. అది కొన్ని మైక్రాన్ల పూత మాత్రమే. కడగడం తేలికవుతుంది, మెరుపు నిలుస్తుంది, అంతవరకే. రాయిని తట్టుకోవాలంటే పెయింట్ మీద అతికించే 150 నుంచి 200 మైక్రాన్ల పాలియురేథేన్ (ఒక రకం ప్లాస్టిక్) ఫిల్మ్ ఉండాలి.

ఉత్తరం పొడవైంది, చోటు లేకపోతే కుదించండి. కానీ ఆ స్ప్రే డబ్బాల సంగతి, కలర్ కోడ్ ఎక్కడ చూసుకోవాలన్న సంగతి మాత్రం తీసేయకుండా వచ్చే వాహనాల పేజీలోనే వేయమని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక కార్ పెయింటర్