తాళంచెవి జేబులోనే ఉంది

ఒరేయ్ శీనూ,

ఫోనెత్తడం లేదని మా అమ్మకి కూడా చాడీలు చెప్పావట. తిట్టుకో గానీ, ముందు ఇది విను. రెండు వారాలుగా ఒక బోర్డు నా ప్రాణం తోడేస్తోంది.

512 ఎంబీ ర్యామ్ ఉన్న బుల్లి లినక్స్ బోర్డు. మా డ్రైవర్ (హార్డ్‌వేర్‌ని నడిపించే ప్రోగ్రాం) సాయంత్రం శుభ్రంగా నడుస్తుంది, తెల్లారేసరికి బిగుసుకుపోతుంది. నా 16 జీబీ మెషీన్లో మాత్రం ఏమీ కాదు. లాగ్‌లో ఒకటే పాట: టాస్క్ 120 సెకన్లకు పైగా బ్లాక్ అయిందని. ట్రేస్‌లో, అంటే ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే జాబితాలో, మెమరీ అడిగే కేమాలాక్ కనపడగానే టీమంతా కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) ఎలోకేటర్ మీద పడ్డాం, మెమరీ పంచేది అదే కదా. స్లబ్ అనే ఆ ఎలోకేటర్ 2007 నుంచి లోకమంతటి బరువు మోస్తోంది, మా బోర్డు దగ్గరికొచ్చేసరికే తప్పు చేస్తుందా అని ఒక్కడికీ తోచలేదు!

మొన్న రాత్రి వానకి గచ్చిబౌలి ఆఫీసులోనే ఇరుక్కుపోయి, ఊసుపోక ఆ ట్రేస్ ఆఖరి వరస దాకా చదివా. అట్టడుగున మా ఫంక్షనే! మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్కరికే దొరికే లాక్) పట్టుకుని, జీఎఫ్‌పీ కెర్నెల్ అనే ఫ్లాగ్‌తో మెమరీ అడిగింది. అంటే 'ఖాళీ లేకపోతే ఆగుతా, ఎక్కణ్ణుంచైనా తెచ్చిపెట్టు' అని. కెర్నెల్ సరేనని రీక్లెయిమ్‌కి, అంటే వాడని మెమరీ వెనక్కి లాక్కోడానికి దిగి, దాచుకున్నది వదలండని ష్రింకర్లను పిలిచింది. అందులో మాదీ ఒకటి. అది పోయి అదే మ్యూటెక్స్ కోసం కూర్చుంది. పట్టుకున్నదెవరు? మేమే.

అమీర్‌పేట రూములో తాళంచెవి జేబులో పెట్టుకుని 'తలుపెవడు వేశాడ్రా' అని గంటసేపు మెట్ల మీద కూర్చున్నావు చూడు, అచ్చం అదే.

2006లోనే కెర్నెల్ డెవలపర్ ఇంగో మోల్నార్ లాక్‌డెప్ అని ఒకటి కెర్నెల్లో పెట్టాడు. ఏ లాక్ తర్వాత ఏ లాక్ పడుతోందో వరస రాసుకుంటుంది, ఆ వరస తిరగబడిందంటే బోర్డు బిగుసుకోకముందే అరుస్తుంది. ఆన్ చేసిన పది నిమిషాలకే సర్క్యులర్ లాకింగ్ అని, అంటే లాకుల వరస చుట్టుతిరిగి మొదటికే వస్తోందని అరిచింది. స్పీడు తగ్గుతోందని మొదట్లో దాన్ని ఆపేసింది నేనే, ఎవరికీ చెప్పకు.

మా సీనియర్ జీఎఫ్‌పీ అటామిక్ పెట్టెయ్ అన్నాడు. ఆగడం పోతుంది నిజమే, కానీ మెమరీ తక్కువైన రోజే మొండిచెయ్యి చూపిస్తుంది. నాకు నచ్చలేదు. లాక్ పట్టుకోకముందే మెమరీ తెచ్చుకునేలా మార్చా. ష్రింకర్‌లో ట్రైలాక్ పెట్టా, దొరక్కపోతే ఊరికే వెనక్కొచ్చేస్తుంది. మారింది పట్టుమని పది వరసల్లేవు.

ఇవాళ మూడో రాత్రి టెస్టు నడుస్తోంది, బోర్డు ఇంకా బతికే ఉంది. అది చూస్తూనే ఇది రాస్తున్నా. అన్నట్టు, ఆ రూము తాళంచెవి ఓనర్‌కి తిరిగిచ్చావా? అడ్వాన్సులో రెండొందలు కోసుకున్నాడ్రా నాకు.

నీ,
రవి