నల్లమల-శేషాచలం పులి దారి తెగనివ్వొద్దు

నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం నుంచి లంకమల, పెనుశిల అడవుల మీదుగా శేషాచలం దాకా పులులు తిరిగే దారి రోడ్ల దగ్గర తెగిపోతోంది. మొన్న తెల్లవారుజామున నంద్యాల-గిద్దలూరు ఘాట్‌లో బండి కింద నలిగిన పునుగుపిల్లిని చూశాను, తోక ఇంకా కదులుతోంది. నాలుగడుగుల దూరంలో కోతుల కోసం ఎవరో పారబోసిన అరటిపళ్లు! తిండి ఎరవేసి మనమే జంతువుల్ని రోడ్డెక్కిస్తున్నాం. మహారాష్ట్రలో పెంచ్ పులుల అభయారణ్యం దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి కింద జంతువులకు దారులు కట్టారు. వాటిలోంచి పులులు నడిచి వెళ్లడం కెమెరాలకు చిక్కింది. ఇక్కడా రోడ్డు వెడల్పు చేసేముందే అలాంటివి కట్టాలి. అంతవరకూ రెండు చెక్‌పోస్టుల మధ్య ప్రయాణ సమయం లెక్కగట్టి, వేగంగా వచ్చిన బండికి అక్కడే జరిమానా వేయాలి. లంకమల, పెనుశిల చిన్న అడవులని వదిలేయకుండా అక్కడా కాపలా సిబ్బందిని పెంచాలి.