2025 వార్షిక నివేదిక: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించినది

కొలరాడోలోని మన తెలుగు వేట సంఘం సభ్యులందరికీ నమస్కారం.

నిబంధనల ప్రకారం ఈ నివేదిక సమావేశానికి పదిహేను రోజుల ముందే మీ చేతికి రావాలి. పన్నెండు రోజుల ముందు వస్తోంది, క్షమించండి. వివరాలు పంపమని ఉపసంఘాలన్నింటికీ మూడేసి సార్లు రాశాను. జవాబిచ్చింది వంట ఉపసంఘం ఒక్కటే.

ఈ ఏడాది మన సభ్యుల సంఖ్య 43కు చేరింది. కొత్తగా చేరిన తొమ్మిది మందిలో ఇద్దరు మొదటి ఫోనులోనే, "వేట లైసెన్సు ఉంటే హెచ్-1బి వీసా మీద ఉన్నా తుపాకీ కొనవచ్చట కదా?" అని అడిగారు. ఆ తర్వాత మళ్లీ కనిపించలేదు. తాత్కాలిక వీసాల మీద ఉన్నవారికి తుపాకీ కూడదనే ఫెడరల్ చట్టంలో అలాంటి మినహాయింపు ఉన్నది నిజమే. కానీ దాని లోతుపాతులు చెప్పవలసింది లాయరు, కార్యదర్శి కాదు.

ఫిబ్రవరి, మార్చి శనివారాల్లో వేట భద్రతా శిక్షణ తరగతులకు మన పిల్లలనూ పెద్దలనూ సిద్ధం చేశాం. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారికి ఈ శిక్షణ ధ్రువపత్రం లేనిదే కొలరాడోలో మామూలుగా వేట లైసెన్సు ఇవ్వరు. పరీక్షకు పదకొండు మంది కూర్చున్నారు, పదకొండు మందీ గట్టెక్కారు. తరగతులకు గ్యారేజీ ఇచ్చి తమ కారును బయట మంచులో తడవనిచ్చిన అరోరా ఊరి దంపతులకు, డబ్బు తీసుకోకుండా వచ్చి చెప్పిన విశ్రాంత శిక్షకుడికి, ఆయనకు పులిహోర అలవాటు చేసిన అక్కయ్యకు సంఘం రుణపడి ఉంది. పేర్లన్నీ సభలో చదువుతాను. గత నివేదికలో ఒక పేరు తప్పిపోయినందుకు ఒక కుటుంబం ఆరు నెలలు మాట్లాడలేదు.

ట్యాగుల (ఒక్కో జంతువును వేటాడేందుకు ఇచ్చే అనుమతి చీటీల) డ్రా గురించి ఈసారి కాస్త ఎక్కువ రాయక తప్పదు. ఏడాది పొడవునా మన మాటల్లో సగం దాని మీదే నడిచాయి.

పాతవారికి తెలిసిందే. ఎల్క్ అనే పెద్ద దుప్పి, జింక, కృష్ణజింకను పోలిన ప్రాంగ్‌హార్న్‌లకు ఏప్రిల్ మొదటి మంగళవారం లోపు దరఖాస్తు పెట్టాలి. మొదటి ఎంపిక దక్కకపోతే ఒక ప్రిఫరెన్స్ పాయింటు జమ అవుతుంది. ఎక్కువ పాయింట్లున్నవారికి ముందు ఇస్తారు. మొదటి ఎంపిక దక్కిన రోజున కూడబెట్టినదంతా సున్నా అవుతుంది. రాష్ట్రానికి వాయవ్య మూలన ఉన్న 2, 10, 201 నంబర్ల వేట ప్రాంతాల్లో (యూనిట్లలో) మంచి ఎల్క్ ట్యాగుకు 20కి పైగా పాయింట్లు కావాలి. బాగా గిరాకీ ఉన్న కొన్నింటిలో 20 శాతం వరకు లాటరీకి వదులుతారు గానీ, ఆ లాటరీలో నిలబడాలన్నా కనీసం అయిదు పాయింట్లు ఉండాలి. ఏటా మనం ఒక మెట్టు ఎక్కుతాం, మేడ రెండు మెట్లు పైకి పోతుంది. గ్రీన్ కార్డు ప్రయారిటీ డేటు కోసం పదేళ్లుగా నెలనెలా వీసా బులెటిన్ చూసే జాతికి ఈ బాధ విడమరిచి చెప్పనవసరం లేదు.

మన డాలస్ మిత్రులకు ఈ ఏడాది మరో దెబ్బ. బయటి రాష్ట్రాలవారు పశ్చిమ కొలరాడోలో విల్లుతో ఎల్క్ వేటకు లైసెన్సు ఇంతకాలం నేరుగా కొనుక్కునేవారు. 2025 నుంచి అదీ డ్రాలోకి వెళ్లింది. దాంతో ఒకరిద్దరు ఇక్కడి బంధువుల చిరునామా వాడుకుంటామని అడిగారు. ఇక్కడ ఆరు నెలలు వరుసగా నివసించనిదే స్థానికులు కారు. మరిది ఇంటి చిరునామా నివాసం కాదని ఇక్కడే రాసి పెడుతున్నాను.

అంతకన్నా ఇబ్బందిపెట్టినది ఇంట్లో అందరి పేర్లూ వేయడం. ఎన్నడూ కొండ ఎక్కనివారికి కూడా శిక్షణ ధ్రువపత్రం తెప్పించి ఏటా దరఖాస్తు పెట్టిస్తున్నవారు మనలో ఉన్నారు. ట్యాగు ఆమె పేరున, తుపాకీ ఆయన చేతిలో! ఒకరి ట్యాగు మీద మరొకరు కాల్చడం ఇక్కడ నేరం. నేరం దాకా వెళ్లకపోయినా, ఆ ఉత్తుత్తి పేరు నిజంగా వెళ్లదలచుకున్నవాడి ముందు నిలబడుతోంది. హెచ్-1బి లాటరీలో ఒకే మనిషికి నాలుగు కంపెనీల నుంచి నాలుగు దరఖాస్తులు పడినప్పుడు మనం ఎంత గోల చేశామో గుర్తుందా? 2023లో అర్హమైన రిజిస్ట్రేషన్లు 7,58,994 వస్తే, అందులో 4 లక్షలకు పైగా ఇలా రెట్టింపు పేర్లవే. మరుసటి ఏడాది మనిషికి ఒకటే లెక్క అనగానే అర్హమైనవి 4,70,342కు పడిపోయాయి. అప్పుడు అన్యాయం అన్నవాళ్లమే ఇప్పుడు అత్తగారి పుట్టినతేదీ వెతుకుతున్నాం. ఊళ్లో అన్నదమ్ములు పొలం పంచుకునేటప్పుడు చీట్లు వేసి చిన్నపిల్లతో తీయించేవారు. చీటీల సంఖ్య వాటాల సంఖ్యకు మించితే పెద్దమనుషులు ఊరుకునేవారా?

మార్చి సమావేశంలో దీని మీద తీర్మానం పెట్టాం. స్వయంగా నడవనివారి పేరున దరఖాస్తు పెట్టకూడదు. వెళ్లడం కుదరకపోతే ట్యాగును గడువులోగా వెనక్కి ఇవ్వాలి, అది తిరిగి అమ్మకానికి వచ్చి ఇంకెవరికో అందుతుంది. వాదన రాత్రి పదకొండు దాటింది. "చట్టం వద్దననిదాన్ని సంఘం ఎందుకు వద్దనాలి?" అన్న ప్రశ్నలో పస లేకపోలేదు. కనీసం 160 ఎకరాల భూమి ఉన్నవారికి ఇచ్చే, లైసెన్సు కొనే హక్కునిచ్చే వోచర్లను డబ్బున్నవాడు కొనుక్కుని వరుస దాటుతుంటే, లేనివాడు అమ్మ పేరు వేస్తే తప్పా అని ఒకరు నిలదీశారు. నా దగ్గర గట్టి జవాబు లేకపోయింది. 17–8తో తీర్మానం నెగ్గింది. శిక్ష ఏదీ లేదు, మాట మాత్రమే. ఓటు వేసిన పదిహేడు మందిలో ఒకరు ఏప్రిల్లో ఏం చేశారో నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

ఇక ఈ ఏడాది మనం గర్వించవలసిన సంగతి. పదహారు పాయింట్లు కూడబెట్టుకున్న మన వ్యవస్థాపక సభ్యుడు ఈసారి పదిహేడేళ్ల కూతురితో కలిసి బృంద దరఖాస్తు పెట్టారు. బృందంలో అందరికన్నా తక్కువ పాయింట్లున్నవారిదే లెక్క, అంటే అమ్మాయి సున్నా. మీకర్ ఊరి దగ్గర ఆడ ఎల్క్ ట్యాగులు ఇద్దరికీ వచ్చాయి. మొదటి ఎంపిక కాబట్టి ఆయన పదహారు పాయింట్లూ పోయాయి. ఒంటరిగా ఇంకో నాలుగైదేళ్లు ఆగితే పెద్ద కొమ్ముల మగ ఎల్క్ దొరికేదేమో. "అప్పటికి పిల్ల నాతో రాదు" అన్నారు. తెలివితక్కువ పని అన్నవారికి చెబుతున్నాను, నాకు అలా అనిపించలేదు.

అమ్మాయి అక్టోబరులో ఒక్క గుండుతో కొట్టింది. మాంసం మోయడానికి వస్తామన్నవారు ఆరుగురు, వచ్చింది ఇద్దరు. రెండున్నర మైళ్ల దారి, మూడు విడతలు. మిగిలిన నలుగురి మోకాళ్లు ఒకే వారాంతంలో నొప్పి పెట్టడం వింత. తల నమూనాను జింక జాతికి సోకే క్షీణ వ్యాధి (సీడబ్ల్యూడీ) పరీక్షకు ఇచ్చి, లేదని ఫలితం వచ్చాకే నవంబరు విందుకు వండాం. ఇగురు, కీమా, ఎముకల పులుసు. మనిషికి 15 డాలర్ల టికెట్ పెడదామన్నారు గానీ వేట మాంసం అమ్మడం చట్టవిరుద్ధమని ఆపించాను. మిగిలినది పాత పద్ధతిలో పోగులు వేసి, లైసెన్సు వివరాలు రాసి సంతకం చేసిన చీటీలతో ఇళ్లకు పంచాం. ఊరి నుంచి వచ్చిన ఒక తాతగారు, ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మళ్లీ వేట మాంసం పోగు చూడలేదంటూ చీటీని కూడా మడిచి జేబులో పెట్టుకున్నారు.

విందుకు పార్కు షెడ్డు కోసం సంబంధిత కార్యాలయానికి నాలుగు ఉత్తరాలు రాశాం. అనుమతి వచ్చింది, విందు అయిన వారానికి. డ్రా గురించి వివరిస్తానని ఒప్పుకున్న అధికారి కోసం సెప్టెంబరులో 26 మంది గంట సేపు చల్లారిన కాఫీ తాగారు. ఆయన రాలేదు, ఫోనూ చేయలేదు.

లెక్కలు: చందాలు 1,290 డాలర్లు, ఖర్చు 1,412. తేడా అధ్యక్షులు భరించారు. మిగతా వివరాలు కోశాధికారి గారు సభలో చెబుతారు.

కొత్త కార్యవర్గానికి పేర్లు ఇవ్వండి. కార్యదర్శి పదవికి ఇంతవరకు ఒక్క పేరూ రాలేదు. సభకు ముందు రోజు సాయంత్రం ఆరింటికి కుర్చీలు వేయడానికి నలుగురు కావాలి. పోయినసారి నేనూ మా ఇంటావిడా వేశాం, ఈసారి ఆవిడ రానన్నారు.

ఇట్లు,
కార్యదర్శి