తెల్లతోక రొయ్యకు తెల్లమచ్చ పరీక్షా? ప్రయోగశాల అధికారికి బహిరంగ లేఖ

చెన్నైలోని రొయ్యల వ్యాధి నిర్ధారణ ప్రయోగశాల అధికారి గారికి,

నమస్కారం. ఇదివరకు రెండు ఉత్తరాలు రాశాను, జవాబు రాలేదు. అందుకే ఇది నలుగురి ముందు రాస్తున్నాను.

నేను మాధవరంలో ఉంటాను. మా నీలకంఠ రొయ్యల (మంచినీటి పెద్ద రొయ్యల) గుంటలు నెల్లూరు దగ్గర ఉన్నాయి, తమ్ముడు చూసుకుంటాడు. ఈసారి సీడ్, అంటే రొయ్య పిల్లలు, వదిలిన వారానికే పిల్లల తోక కండ పాలు కలిపినట్టు తెల్లబడింది. మూడో రోజుకి గట్టు పొడవునా చచ్చిన పిల్లలే. ఆల్కహాల్ సీసాలో నమూనా వేసుకుని మీ కౌంటర్‌కి వచ్చాను. పదకొండో రోజున రిపోర్టు ఇచ్చారు: రొయ్యల్లో ఇంకో జబ్బు తెచ్చే తెల్లమచ్చ వైరస్ లేదని. అయ్యా, నేను అడిగింది అది కాదు.

ఇలా పిల్లల తోక తెల్లబడే తెల్లతోక జబ్బును తెచ్చేది నోడా వైరస్. దాని వెంటే ఎక్స్‌ట్రా స్మాల్ వైరస్ అనే బుల్లి వైరస్ ఉంటుంది. రెండూ ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లు కాబట్టి, ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి వెతికే ఆర్‌టీ-పీసీఆర్ చేయాలి. తెల్లమచ్చది డీఎన్‌ఏ వైరస్, దాని పరీక్షలో ఇవి దొరకవు. పెద్ద రొయ్యకు ఏ లక్షణమూ ఉండదు, వైరస్ మాత్రం తల్లి నుంచి పిల్లలకు దిగుతుంది. మన దేశంలో ఇరవై ఏళ్లకు పైగా తెలిసిన జబ్బే ఇది.

సీడ్ డబ్బు వడ్డీకి తెచ్చింది. కాపలా కాయడానికి ఏమీ మిగల్లేదు, అయినా తమ్ముడు గట్టు మీదే పడుకుంటున్నాడు.

నీలకంఠ నమూనా ఏది వచ్చినా ఈ రెండు వైరస్‌లకూ పరీక్ష చేసి, మూడు రోజుల్లో రిపోర్టు ఇవ్వండి. సీడ్ తయారుచేసే హేచరీల తల్లి రొయ్యలను గుడ్లకు ముందే పరీక్షించే ఏర్పాటు చేయండి. వచ్చే సీడ్ వదిలేలోపు రాతపూర్వకంగా జవాబు కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రొయ్యల రైతు