స్టేడియం కథ రాయించండి, కొలతలు గేటు దగ్గర పెట్టించండి

సంపాదకులకు నమస్కారం.

మా మనవరాలు ఏడో తరగతి. మన ఊళ్లో అందరిదీ అయిన ఒక స్థలం గురించి రాసుకు రమ్మని బళ్లో ప్రాజెక్టు ఇచ్చారు. తాత డ్రిల్లు మాస్టారు కాబట్టి ఆ పిల్ల నీలం సంజీవరెడ్డి స్టేడియాన్ని ఎంచుకుంది. సంజీవరెడ్డి గారి గురించి తనే రాసుకుంది. 1913లో మన జిల్లా ఇల్లూరులో పుట్టారనీ, అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో చదువుతూ 1931లో చదువు వదిలి స్వాతంత్ర్యోద్యమంలోకి వెళ్లారనీ, 1956లో ఆంధ్రప్రదేశ్‌కు తొలి ముఖ్యమంత్రి, 1977లో రాష్ట్రపతి అయ్యారనీ. మైదానం సంగతి మాత్రం నన్నే చెప్పమంది. చెబుతూ పోతే రాత్రి పదిన్నరయింది. ఆ రాత్రి నుంచీ ఒకటే దిగులు. ఇవన్నీ మాలాంటి ముసలివాళ్ల నోళ్లలోనే ఉండిపోతున్నాయి. అందుకే ఈ ఉత్తరం.

మా రోజుల్లో బడుల మధ్య పోటీలను గ్రిగ్ పోటీలు అనేవాళ్లం. మద్రాసు రాష్ట్రం నాటి విద్యాశాఖ అధికారి ఒకాయన పేరది. దొరలు పోయినా మా నోట్లో ఆ పేరు పోలేదు. పోటీల ముందురోజు సాయంత్రం సున్నం బస్తాలతో మైదానంలో దిగేవాళ్లం. అనంతపురం గాలి మీకు తెలియనిదేముంది! పొడి సున్నంతో గీసిన గీత తెల్లారేసరికి సగం ఎగిరిపోయేది. అందుకని సున్నాన్ని నీళ్లలో కలిపి తడిగీత వేసేవాళ్లం. చేతులు పొక్కేవి. ఉదయం తొలి ఎండలో ఎర్రమట్టి మీద ఆ తెల్లగీతలు కనిపిస్తే పడిన కష్టమంతా మరిచిపోయేవాళ్లం.

400 మీటర్ల ట్రాక్ అంటే ఎంత జాగా కావాలో చాలామందికి తెలియదు. ఇప్పటి ప్రమాణాల ప్రకారం మలుపు వ్యాసార్థం 36.5 మీటర్లు, తిన్నని భాగం 84.39 మీటర్లు, ఒక్కో లేన్ వెడల్పు 1.22 మీటర్లు. ఎనిమిది లేన్లు వేస్తే ఈ చివర నుంచి ఆ చివరికి దాదాపు 177 మీటర్ల పొడవు, 93 మీటర్ల వెడల్పు. ట్రాక్ వేసేటప్పుడు రెండు మలుపులకూ రెండు కేంద్రాలు పట్టి అక్కడ మేకులు దిగ్గొడతాం. కొలతలన్నీ ఆ రెండు మేకుల నుంచే మొదలవుతాయి. ఒక్క చుట్టు పరుగులో అందరూ తమ లేన్‌లోనే ఉండాలి, బయటి లేన్ చుట్టు పెద్దది కాబట్టి రెండో లేన్ పిల్లవాణ్ని మొదటివాడి కన్నా 7.04 మీటర్లు ముందు నిలబెడతాం. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ జాగాలో ఒక్క మూల పోయినా ట్రాక్ మొత్తం పోయినట్టే. షెడ్డు కావచ్చు, గదులు కావచ్చు, పార్కింగ్ కావచ్చు. మిగిలిన మూడు మూలలూ ఎంత విశాలంగా ఉన్నా లాభం లేదు.

ఇది నేను అనుభవించిందే. నేను పనిచేసిన ఒక ఊళ్లో మైదానం మూలన నాలుగు గదులు లేచాయి. చదువు కోసమే కట్టారు, కాదనలేం. అప్పటి నుంచి అక్కడ 200 మీటర్ల ట్రాకే పట్టేది. పిల్లల్ని రెండేసి చుట్లు తిప్పి అదే 400 మీటర్లు అనిపించాను. వాళ్లు జిల్లా పోటీలకొచ్చి ఆ పెద్ద మలుపు చూసి తడబడేవాళ్లు. ఎక్కడ ఊపిరి దాచుకోవాలో, ఎక్కడ వదలాలో వాళ్ల కాళ్లకు అలవాటు లేదు. బాగా పరుగెత్తే ఒక అమ్మాయి వెనకబడి, ఏడుస్తూ నా దగ్గరికి వచ్చింది. తప్పు ఆ పిల్లది కాదని చెప్పడానికి నాకు మాట రాలేదు.

మన ఊరికి క్రీడల్లో మంచి పేరుంది. 1969లో ఫాదర్ ఫెర్రర్ మొదలుపెట్టిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) సేవాసంస్థ వాళ్ల మైదానంలో 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు ఆడారు. ఆ ఏడాది విజేత ఎవరో తేలింది కూడా ఇక్కడే. 2010లో టెన్నిస్ ఆటగాడు నాదల్ పేరు మీద టెన్నిస్ బడి వచ్చింది. మన జిల్లా పల్లె నుంచి వెళ్లిన అనూష 2023 జులైలో బంగ్లాదేశ్‌లో భారత మహిళల క్రికెట్ జట్టుకు ఆడింది. ఆ రోజు టీవీ ముందు నేను కూర్చోలేకపోయాను, నిలబడే చూశాను. ఇవన్నీ మనకు గర్వమే. అయినా ఏ అకాడమీలోనూ చేరని పిల్లవాడికి, బూట్లు లేని పిల్లకు ఊరి స్టేడియమే దిక్కు. అందుకే దాని కథా, దాని హద్దులూ రెండూ కాగితం మీదికి రావాలని అడుగుతున్నాను.

మొదట హద్దులు. సర్వే శాఖ దగ్గర ఎఫ్ఎంబీ, అంటే భూమి కొలతలు రాసిన పుస్తకం, ఉంటుంది. అందులోని కొలతలతో ఒక పటం గీయించి గేటు దగ్గర రాతి మీద చెక్కించాలి. రోజూ నడకకు వచ్చే వాళ్లందరికీ అది కళ్లబడుతుంది. ఇక కథ. ఇది మీ చేతిలో ఉంది. మీ జిల్లా పేజీల పాత సంచికలు తిరగేస్తే ఏ రోజు ఏ పోటీ జరిగిందో, ఎవరు గెలిచారో దొరుకుతుంది. వాటిని వారానికొకటి మళ్లీ అచ్చు వేయండి. ఆనాటి ఆటగాళ్లు ఇంకా ఈ ఊళ్లోనే ఉన్నారు. కొందరు మనవళ్లను బడికి దింపుతూ కనిపిస్తారు. వాళ్లు చదివి, తప్పులుంటే దిద్దుతారు, ఇంట్లో ఫొటోలుంటే తెచ్చిస్తారు. జిల్లా క్రీడాధికారులు వాటిని స్టేడియంలోనే ఒక గదిలో గోడలకు పెట్టించవచ్చు. దానికి పెద్ద ఖర్చేమీ కాదు.

నా దగ్గర ట్రాక్ కొలతలు రాసుకున్న నోటు పుస్తకాలు మూడు, పోటీల నాటి ఫొటోలు పదకొండు ఉన్నాయి. రెండు ఫొటోలకు చెద పట్టింది, మిగతావి బాగానే ఉన్నాయి. మీరు సరేనంటే వచ్చే సోమవారం మీ ఆఫీసుకు తెచ్చిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
అనంతపురం