మంత్రిగారూ, ఓసీ ఇచ్చే ముందు ఒక్క అగరుబత్తి వెలిగించి చూడమనండి

గౌరవనీయులైన పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రిగారికి నమస్కారాలు.

మా ఇంట్లో గాలి ఆడటం లేదని పెట్టిన నా అర్జీలు మీ దాకా వచ్చి ఉండవు, వస్తే పట్టించుకునేవారనే నమ్మకంతో ఈ లేఖ రాస్తున్నాను. సోమవారం గ్రీవెన్స్‌కి నాలుగుసార్లు వెళ్లాను. నాలుగు రసీదులూ దాచుకున్నాను. ప్రతిసారీ పదిరోజులకి ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. మా ఇంటి గడప మాత్రం ఎవరూ తొక్కలేదు.

మాది సముద్రానికి మూడు కిలోమీటర్ల దూరం. అయిదంతస్తుల కొత్త అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. 2023లో పాలు పొంగించాం. ఇంకా పదిహేడేళ్లు ఈఎంఐ కట్టాలి. డాబా ఎక్కితే చీర కొంగు నిలవనంత గాలి, ఇంట్లో మాత్రం ఊపిరాడదు.

మా రెండు బాత్‌రూముల వెంటిలేటర్లూ ఒకే డక్ట్‌లోకి, అంటే కింది నుంచి పై దాకా గాలి కోసం వదిలిన గొట్టంలాంటి సందులోకి ఉన్నాయి. ప్లానులో ఆ డక్ట్ పైన ఆకాశమే. ఓసీ, అంటే ఇల్లు కాపురానికి పనికొస్తుందని మునిసిపాలిటీ ఇచ్చే పత్రం వచ్చాక, వాన నీళ్లు పడుతున్నాయని బిల్డరు దానిమీద ఫైబర్ షీటు బిగించేశాడు. అయిదంతస్తుల ఎగ్జాస్ట్ ఫ్యాన్లూ ఆ మూసిన గొట్టంలోకే ఊదుతాయి. కిందింట్లో వేణ్ణీళ్ల స్నానం చేస్తే ఆవిరి మాకొస్తుంది. పైవాళ్లు యాసిడ్ పోసి కడిగితే మా కళ్లు మండుతాయి.

ఒకరోజు దేవుడి దగ్గర వెలిగించిన అగరుబత్తిని తీసుకెళ్లి మా ఎగ్జాస్ట్ ఫ్యాను ముందు పట్టుకున్నాను. ఫ్యాను గిర్రున తిరుగుతోంది. పొగ రెక్కల దాకా వెళ్లి, కాసేపు అక్కడే తచ్చాడి, తిరిగి నా మొహం మీదికే వచ్చింది. మూడుసార్లు చూశాను, మూడుసార్లూ అంతే. వీడియో తీసి అర్జీకి జత చేశాను కూడా.

బాత్‌రూముకి ఆనుకున్న పడకగది గోడమీద మొదటి వర్షాకాలంలో ఆవగింజలంత నల్లచుక్కలు వచ్చాయి. ఇప్పుడవి మంచం ఎత్తు దాకా పాకాయి. వారానికి రెండుసార్లు బ్లీచింగ్ నీళ్లతో తుడుస్తాను, తుడిచిన గుడ్డ నల్లగా వస్తుంది, నాలుగోరోజుకి చుక్కలు మళ్లీ లేస్తాయి. పుట్టీ పొరలుగా రాలుతోంది. బీరువాలో నా పెళ్లి పట్టుచీర మడతల మీద తెల్లగా బూజు పట్టింది. చీర పోతే పోయింది. మా పాపకి ఏడేళ్లు. రాత్రి రెండింటికి లేచి నెబ్యులైజర్ పెట్టని వారం లేదు. డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, ‘ఇంట్లో చెమ్మ ఉందా అమ్మా?’ అని. ఏం చెప్పను?

కిటికీలు తెరుచుకోవచ్చు కదా అన్నారు ఆఫీసులో. అన్నీ స్లైడింగువి. ఎంత పెద్ద కిటికీ అయినా సగమే తెరుచుకుంటుంది. కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత (ఇళ్లలో కరెంటు ఆదా కోసం పెట్టిన నిర్మాణ నియమావళి) ప్రకారం మాలాంటి ఉక్కపోత ప్రాంతాల్లో కార్పెట్ ఏరియాలో 16.66 శాతం తెరుచుకునే జాగా ఉండాలి. మా ఫ్లాటు 720 చదరపు అడుగులు, అంటే 120 అడుగులు ఉండాలి. టేపు పట్టి కొలిచాను. బాల్కనీ తలుపు, వంటింటి కిటికీ, వెంటిలేటర్లు అన్నీ కలిపినా 46 అడుగులు రాలేదు. సాయంత్రం అయిదయ్యేసరికి దోమలకి అవీ మూసుకోవాల్సిందే. ఏసీ వేసుకుంటే చల్లబడుతుందేగాని కొత్త గాలి రాదు. ఉన్న గాలినే తిప్పి తిప్పి ఇస్తుంది. పొద్దున్నే లేస్తే తల దిమ్ముగా ఉంటుంది.

మా తమ్ముడు ఇంగ్లండ్‌లో కొత్త ఇల్లు కొన్నాడు. తాళాలు ఇచ్చేముందే వీధి తలుపులో పెద్ద ఫ్యాను బిగించి, 50 పాస్కల్స్ ఒత్తిడి తేడాలో ఇంటి సందుల్లోంచి గాలి ఎంత పోతోందో కొలిచారట. 2022 నిబంధనల నుంచి అక్కడ కొత్తగా కట్టిన ప్రతి ఇంటికీ ఆ పరీక్ష చేయాల్సిందే. బాత్‌రూము ఫ్యాను సెకనుకి 15 లీటర్ల గాలి లాగుతోందో లేదో కూడా కొలిచి కాగితం మీద రాసిచ్చారట. మనది చలిదేశం కాదు, సందులు లేని ఇల్లు కావాలని నేను అడగడం లేదు. లోపలి చెడుగాలి బయటికి పోతోందా లేదా, అది ఒక్కటి కొలవమంటున్నాను. ఓసీకి వచ్చినవాళ్లు సెట్‌బ్యాక్ (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా) కొలిచారు, పార్కింగ్ కొలిచారు, అంతస్తులు లెక్కపెట్టారు. గాలి సంగతి ఎవరూ అడగలేదు.

అయ్యా, ఓసీ ఇచ్చేముందు డక్ట్ తెరిచి ఉందో లేదో చూడాలని ఒక్క ఉత్తర్వు ఇవ్వండి. ప్రతి ఎగ్జాస్ట్ ఫ్యానునీ పరీక్షించి, ఆ కాగితం కొన్నవాళ్ల చేతికి ఇప్పించండి. ఓసీ తర్వాత డక్టులు మూసేసిన బిల్డర్లతో వాటిని తెరిపించండి. మా అసోసియేషన్‌లో షీటు తీయించుకుందామంటే, వాన పడితే గోడలు చెమ్మెక్కుతాయని సగంమంది ఒప్పుకోవడం లేదు. పక్కలు తెరిచి, పైన ఎత్తుగా కప్పు వేస్తే వానా పడదు, గాలీ ఆడుతుంది. ఆ మాట అధికారి చెబితే వింటారు, నేను చెబితే వినరు.

జూన్‌లో మళ్లీ వానలు మొదలవుతాయి. ఈలోపు ఒక్క మనిషిని పంపించండి. ఇంకేమీ తేనక్కర్లేదు, అగరుబత్తి మా ఇంట్లో ఉంది.

ఇట్లు,
మూడో అంతస్తులోని ఒక తల్లి